చిన్న వ్యాపారాల పథకాలపై మన మాట ఎక్కడ, ఎప్పుడు, ఎలా చెప్పాలి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి తరచుగా అడిగే ప్రశ్నలు

పంచాయతీలో అర్జీలు రాసిపెట్టే పని నేను చాలాకాలంగా చేస్తున్నాను. కిరాణా కొట్టు వాళ్లు, జీడి పరిశ్రమ వాళ్లు, టిఫిన్ బండ్ల వాళ్లు, నేతగాళ్లు, డ్వాక్రా అక్కలు వస్తుంటారు. మనుషులు మారుతున్నా సందేహాలు మాత్రం అవే. అందుకే వాటిని ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నాకున్నది చిన్న కొట్టు. ఊళ్లో ఏ పథకం పెట్టాలో నన్నెవరు అడుగుతారు?

అడగాలని చట్టంలోనే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో వచ్చిన 11వ షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. చిన్న తరహా పరిశ్రమలు, ఆహార శుద్ధి, ఖాదీ, కుటీర పరిశ్రమలు, సంతలు అన్నీ ఆ 29లోనివే. పంచాయతీ ఏటా తయారు చేసే గ్రామాభివృద్ధి ప్రణాళికను గ్రామ సభ ముందు పెట్టాలి. గ్రామ సభ అంటే సర్పంచ్, వార్డు సభ్యులు మాత్రమే కాదు. ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. మీ పేరు జాబితాలో ఉంటే మీరు పిలుపు కోసం చూడనక్కర్లేదు, వెళ్లి కూర్చునే హక్కు మీకుంది.

మాకు జీడి ఉంది, కొబ్బరి ఉంది. ఇంకో వ్యాపారం గురించి ఎందుకు ఆలోచించాలి?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఉద్దానంలో ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న రాదు. తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో కొబ్బరి చెట్లను మొదలంటా పడగొట్టింది, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఇల్లు గడవాలి కదా. ఎన్నో కుటుంబాల్లో మగవాళ్లు వలస బస్సు ఎక్కింది అందుకే.

విజయనగరం వైపు ఇదే కథ ఇంకో రకంగా జరిగింది. జూట్ మిల్లుల మీద బతికిన పేటల్లో మిల్లు గేటు మూసేస్తే కార్మికుల జీతాలతో ఆగదు. గేటు ఎదుట టీ కొట్టు, సైకిల్ రిపేరు షాపు, గోగు పండించే రైతు అందరూ ఒకేసారి దెబ్బ తింటారు. మా తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి పడవలెక్కడం కూడా ఇక్కడ రెండో దారి లేకే.

జీడి వదిలేయమని నేను చెప్పడం లేదు. జీడితో పాటు జీడి తొక్క నూనె, కొబ్బరితో పాటు పీచు, పనసతో పాటు పనస చిప్స్ ఉంటే ఒక దెబ్బకు అన్నీ పోవు. ఆ రెండో దారికి కావలసిన షెడ్డు, కరెంటు, రోడ్డు, శిక్షణ గురించే మనం సభలో మాట్లాడాలి.

మాది రాజాం దగ్గర. శ్రీకాకుళం వెళ్లాలా, విజయనగరం వెళ్లాలా?

విజయనగరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పాత అలవాటుతో పాత కలెక్టరేట్‌కు వెళ్లి రోజు కూలి పోగొట్టుకున్న వాళ్లను చూశాను. బయలుదేరే ముందు మీ సచివాలయంలో ఒక్కసారి అడగండి.

సలహా ఇవ్వడం, అర్జీ పెట్టడం ఒకటే కదా?

ఒకటి కాదు. "నా లోన్ ఆగిపోయింది, ఇప్పించండి" అనేది అర్జీ, అది మీ ఒక్కరిది. "మా మండలంలో ఆహార శుద్ధి యూనిట్లకు లోన్లు ఆగుతున్నాయి, మండలంలోనే నెలకోసారి బ్యాంకు వాళ్లతో ఒక రోజు పెట్టండి" అనేది సలహా, అది పదిమందిది. సొంత కష్టం చెప్పుకోవడం తప్పేమీ కాదు. కానీ ప్రణాళిక సభలో సొంత కష్టం చెబితే "అర్జీ ఇచ్చుకో" అని పక్కకు పంపేస్తారు. అదే మాటను ఊరి అవసరంగా చెబితే తీర్మానం అయ్యే వీలుంది.

## సభకు ముందు

గ్రామ సభ ఎప్పుడు పెడతారో మాకు తెలియడం లేదు. అయిపోయాక తెలుస్తోంది.

ఈ మాట నేను విన్నన్ని సార్లు ఇంకే మాటా వినలేదు. మామూలు సభలు ఏడాదిలో కొన్నిసార్లు పెడతారు. వచ్చే ఏడాది ప్రణాళిక కోసం ప్రత్యేకంగా పెట్టే సభలు మాత్రం అక్టోబర్ 2 నుంచి మొదలై శీతాకాలమంతా సాగుతాయి. డబ్బు ఎక్కడ పెట్టాలో తేలేది అప్పుడే. ఏప్రిల్‌లో వెళ్లి అడిగితే పుస్తకం మూసేశాక లెక్క చెప్పినట్టే.

దండోరా వేస్తారు, సచివాలయం గోడకు కాగితం అంటిస్తారు, వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. వీటిలో ఏదో ఒకటి తప్పిపోవచ్చు. సెప్టెంబర్ చివర్లో పంచాయతీ కార్యదర్శి దగ్గరకు స్వయంగా వెళ్లి తేదీ అడిగి రాసుకోండి. సర్పంచ్ స్థానంలో ప్రత్యేకాధికారి ఉన్నా గ్రామ సభ ఉంటుంది, ఎందుకంటే సభ అంటే ఓటర్లు.

పంచాయతీ దగ్గర డబ్బే లేదంటారు. అలాంటప్పుడు వ్యాపారం కోసం ఏం అడగాలి?

ఏ డబ్బు దేనికి వాడవచ్చో తెలుసుకుని అడగాలి. కిటుకంతా ఇక్కడే ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని, కానీ జీతాలకు వాడకూడదని చెప్పింది. మీరు వెళ్లి "వ్యాపారాలకు సాయం చేయండి" అంటే ఆ మాట ఏ పద్దులోనూ ఇమడదు. "సంత జరిగే చోట తాగునీటి కుళాయి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, మురుగు కాలువ కావాలి" అంటే అది పారిశుద్ధ్యం పద్దులోకి నేరుగా వెళ్తుంది. బాగుపడేది మాత్రం వ్యాపారమే.

పలాసలో ఒక చిన్న జీడి యూనిట్‌లో నేను చూసిన దృశ్యం చెబుతాను. ఉడికించిన పిక్కల్ని ఒక్కొక్కటిగా కత్తికి పెట్టి చీలుస్తూ ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. జీడి రసం తగిలి వాళ్ల వేళ్ల కొసలు నల్లబడ్డాయి, గోళ్ల పక్కన చర్మం పొరలు లేచింది. ఒకావిడ బూడిద రాసుకుంటోంది. అక్కా, మీకు ఏం కావాలి అని అడిగాను. కూలి పెంచమంటుందేమో అనుకున్నాను. "చెయ్యి కడుక్కోడానికి దగ్గర్లో నీళ్లుంటే చాలు బాబూ, మధ్యాహ్నం అన్నం ఈ చేత్తోనే తినాలి" అంది. ఆ వీధి కుళాయి ఆ ఏడాది ప్రణాళికలోకి ఎక్కింది. ఏ పథకం పుస్తకం చదివినా ఆ అవసరం నాకు తట్టేది కాదు. అందుకే సభకు వెళ్లే ముందు పని చేసే చోటికి వెళ్లి అడగమంటాను.

కాగితం మీద ఎలా రాయాలి?

ఒక్క పేజీ దాటకూడదు. పైన పంచాయతీ పేరు, తేదీ. తర్వాత ఏం కావాలో ఒక్క వాక్యం. దాని కింద ఎందుకో నాలుగు వాక్యాలు, వాటిలో కనీసం ఒకటి మీరు స్వయంగా లెక్కపెట్టినది ఉండాలి: "మంగళవారం సంతకు వచ్చే బండ్లు 42, నీడ కింద పట్టేది 9" అన్నట్టు. తర్వాత స్థలం ఎక్కడో రాయండి, సర్వే నంబరు తెలిస్తే అది కూడా. చివర కనీసం పదిమంది సంతకాలు లేదా వేలిముద్రలు.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. రసీదు లేని కాగితం ఎవరి బల్ల మీద ఉందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

నాకు నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్. చదువు కూడా రాదు.

మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే నేరుగా సభలో మాట్లాడక్కర్లేదు. సంఘాల అవసరాలను గ్రామ సమాఖ్య ఒకచోట చేర్చి పేదరిక నిర్మూలన ప్రణాళికగా గ్రామ సభకు ఇస్తుంది, దాన్ని పంచాయతీ ప్రణాళికలో కలపాలి. మీ సంఘం నెలవారీ మీటింగ్‌లో "మాకు అప్పడాల మెషిన్ పెట్టుకోవడానికి గది లేదు" అని ఒక్క మాట చెప్పి, దాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించండి. సమాఖ్య తరఫున వచ్చిన మాటను సభలో పక్కన పెట్టడం అంత సులువు కాదు.

## సభలో

ఎప్పుడూ ఆ ముగ్గురు నలుగురే మాట్లాడతారు. మా దాకా రాదు.

ముందే కార్యదర్శికి కాగితం ఇచ్చి, దాన్ని అజెండాలో పెట్టమని అడగండి. సభలో ఒకే మాట మీద ఉండండి. రోడ్డు, పెన్షన్, కుక్కల బెడద అన్నీ కలిపితే అసలు విషయం పోతుంది. మీతో వచ్చిన వాళ్లు ఒకే చోట కాకుండా అక్కడక్కడా కూర్చుని, మీరు చెప్పాక "అవును, మాకూ అదే కావాలి" అంటే సభ అంతా అటు తిరుగుతుంది.

నేను చెప్పింది తీర్మానాల పుస్తకంలో రాయలేదు. ఏం చేయాలి?

నాకే జరిగింది. ఒక ఊరి సభలో కొబ్బరి పీచు యూనిట్‌కు స్థలం గురించి చెప్పాను. అందరూ తలలూపారు, చప్పట్లు కూడా కొట్టారు. రెండు నెలల తర్వాత పుస్తకం చూపించమంటే అందులో ఆ రోజు తేదీ కింద "సభ్యులు పలు అంశాలు చర్చించారు" అని ఒకే ఒక్క వరుస ఉంది. దాని కింద సంతకాలు. ఆ "పలు అంశాలు" అన్న రెండు మాటల్లో మా ఊరి పీచు పని, ముప్పై మంది ఆడవాళ్ల ఆశ అన్నీ ఇంకిపోయాయి. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం సహించలేదు.

అప్పటి నుంచి చేస్తున్నది ఇదే. సభ ముగిసి అందరూ లేచే లోపే పుస్తకం దగ్గరకు వెళ్లి, మన అంశం రాసే దాకా పక్కనే నిలబడతాను. మర్యాదగా, చేతులు కట్టుకుని, కానీ కదలకుండా. రాశాక ఫోన్‌తో ఫోటో తీసుకుంటాను. ఒకవేళ రాయకపోతే మర్నాడే ఎంపీడీవోకు రాతపూర్వకంగా తెలియజేయండి: ఫలానా తేదీ సభలో ఫలానా అంశం ఇంతమంది సమక్షంలో చెప్పాం, పుస్తకంలో లేదు, చేర్పించండి అని.

మేము టౌన్‌లో తోపుడు బండి పెట్టుకుంటాం. మాకు గ్రామ సభ లేదు కదా?

మీకు ఇంకో చోటుంది, పైగా చట్టంలో మీ సీట్లు కూడా ఖాయంగా ఉన్నాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. మున్సిపల్ కమిషనర్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లు తోటి వ్యాపారుల ఓట్లతో ఎన్నికవ్వాలి. ఆ వ్యాపారుల్లో మూడో వంతు మహిళలు. బండ్లు ఎక్కడ పెట్టుకోవచ్చు, ఎక్కడ కూడదు అనే జోన్లు నిర్ణయించేటప్పుడు కమిటీ మాట వినాలి. ఐదేళ్లకోసారి సర్వే జరగాలి, సర్వేలో తేలిన వారికి సర్టిఫికెట్ ఇవ్వాలి. సర్వే అయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా బండ్లను తొలగించకూడదని చట్టం చెబుతోంది.

శ్రీకాకుళం, విజయనగరం కార్పొరేషన్లయినా, ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, బొబ్బిలి మున్సిపాలిటీలయినా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: కమిటీలో మా తరఫున ఎవరున్నారు, కిందటి మీటింగ్ ఎప్పుడు జరిగింది?

పెద్ద కంపెనీ వస్తోందని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. చిన్న వ్యాపారులకు అక్కడ ఏం పని?

చాలా పని ఉంది. పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణ జరుపుతారు. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టర్ లేదా ఆయన తరఫున సీనియర్ అధికారి అధ్యక్షత వహిస్తారు. అక్కడ చెప్పిన ప్రతి అభ్యంతరం రికార్డుకెక్కాలి, చివర్లో దాన్ని అందరికీ తెలుగులో చదివి వినిపించాలి. ప్రాజెక్టు రిపోర్టు తెలుగు సారాంశం ముందే అందుబాటులో పెడతారు, తెచ్చుకుని చదవండి. చేపలు అమ్మేవాళ్లు, పీతలు పట్టేవాళ్లు, బీల (చిత్తడి) భూముల మీద పశువులు మేపేవాళ్లు తమ రోజువారీ సంపాదన లెక్క రాసి ఇవ్వాలి. ఎందుకంటే రిపోర్టుల్లో ఆ భూమిని "నిరుపయోగం" అని రాసేస్తుంటారు.

థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం పోరాడిన సోంపేట బీల సంగతి శ్రీకాకుళం జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. ఆ చిత్తడి నేల మీద ఎంతమంది బతుకుతున్నారో ముందే సరిగా లెక్కలోకి తీసుకుని ఉంటే 2010 జులై 14న పోలీసు కాల్పుల దాకా వచ్చేది కాదని నేను నమ్ముతాను.

## పథకాల దగ్గర

ఏ పథకంలో ఎంత వస్తుందో తెలియకుండా సలహా ఎలా ఇస్తాం?

నాలుగు తెలిస్తే చాలావరకు సరిపోతుంది. పీఎంఈజీపీలో (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవల యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు వేసుకోవచ్చు. గ్రామాల్లో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు 35 శాతం, ఇతరులకు 25 శాతం సబ్సిడీ. పట్టణాల్లో అది 25, 15 శాతం. ఆహార శుద్ధికి పీఎంఎఫ్ఎంఈలో (చిన్న ఆహార యూనిట్ల కేంద్ర పథకం) 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. అదే పథకంలో ఆహార పని చేసే డ్వాక్రా సభ్యురాలికి 40,000 రూపాయల దాకా ప్రారంభ మూలధనం ఉంది. ముద్ర లోన్లలో శిశు 50,000, కిశోర్ 5 లక్షలు, తరుణ్ 10 లక్షల దాకా. చేతివృత్తుల వారికి విశ్వకర్మ.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్‌ను ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం) పూర్తిగా ఉచితం. దానికి వెయ్యి, రెండు వేలు తీసుకునేవాళ్లున్నారు, ఇవ్వకండి. దరఖాస్తు పెట్టే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఈ ఏడాది టార్గెట్ ఇంకా మిగిలి ఉందో లేదో కనుక్కోండి.

విశ్వకర్మ దరఖాస్తు పంచాయతీ దగ్గరే ఆగిపోయిందంటున్నారు. నిజమేనా?

కావచ్చు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి. దరఖాస్తు మూడు మెట్లు ఎక్కాలి, మొదటి మెట్టు పంచాయతీ లేదా మున్సిపాలిటీ ధృవీకరణ. అక్కడ లాగిన్ తెరవకపోతే వడ్రంగి అయినా కంసాలి అయినా కుమ్మరి అయినా కాగితం కదలదు. గ్రామ సభలో "పెండింగ్‌లో ఉన్న విశ్వకర్మ దరఖాస్తులు ఎన్ని, ఏ తేదీ నుంచి?" అని అడగండి. పదిమంది ముందు అడిగిన ప్రశ్నకు వారంలో కదలిక రావడం నేను చూశాను. శిక్షణలో రోజుకు 500, పనిముట్లకు 15,000, మొదటి విడత లక్ష, రెండో విడత 2 లక్షల లోను 5 శాతం వడ్డీకి వస్తాయి. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు.

పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి, బొబ్బిలి వీణ అని అందరూ పొగుడుతారు. మా కడుపు నిండడం లేదు. ఏం అడగాలి?

పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే అమ్మ చేతిలో ఆ చిన్న ఎముకను చూసినవాళ్లకు ఆ పని విలువ తెలుస్తుంది. కానీ సన్మానం, శాలువా వేరు, నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు వేరు. సభలో కొనుగోలు గురించి అడగండి: ప్రభుత్వ కార్యక్రమాల్లో ఇచ్చే జ్ఞాపికలు బుడితి నుంచే కొనాలని, రైల్వే వాళ్ల ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి స్టాలు మన వస్తువుకు ఇప్పించాలని. ముడిసరుకు గురించి అడగండి: వీణకు పనస చెక్క కావాలి, ఖద్దరుకు కొండపత్తి కావాలి. పంచాయతీ స్థలంలో పనస నాటమని తీర్మానం చేయిస్తే కోతకు ఏళ్లు పట్టవచ్చు, అయినా ఈ రోజే చేయించండి.

బ్యాంకు వాళ్లు తాకట్టు లేకుండా లోన్ ఇవ్వం అంటున్నారు.

సూక్ష్మ, చిన్న యూనిట్లకు కనీసం 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఉంది. నిరాకరిస్తే కారణం రాతలో ఇవ్వమనండి. ఆ కాగితం కాపీతో జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్‌ను కలవండి. బ్యాంకుల పనితీరును సమీక్షించే జిల్లా స్థాయి మీటింగులు జరుగుతుంటాయి, ప్రజాప్రతినిధులూ వాటికి వస్తారు. మీ మండలంలో ఇలా తిరస్కరించిన కాగితాలు ఐదారు పోగుచేసి మీ జడ్పీటీసీకి, ఎమ్మెల్యేకి ఇస్తే అక్కడ మాట్లాడటానికి వాళ్ల చేతిలో ఆధారం ఉంటుంది.

ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) పార్కు వస్తుందంటున్నారు. మాలాంటి చిన్నవాళ్లకు అందులో చోటుంటుందా?

రాష్ట్ర ప్రభుత్వ 2024-29 విధానంలో 175 నియోజకవర్గాల్లోనూ పార్కులు పెడతామన్నారు. ప్లాట్ల కొలతలు ఖరారయ్యే ముందే అడగాలి: చిన్న ప్లాట్లు ఎన్ని, అద్దెకు కట్టిన షెడ్లు ఉంటాయా, బస్సు వస్తుందా. బస్సు రాని పార్కులో ఆడవాళ్లు పని చేయలేరు. ఈ మాట ఎందుకో ఏ కాగితంలోనూ కనబడదు.

## తర్వాత

కాగితం ఇచ్చి నెల అయింది. ఏమైందో ఎలా తెలుసుకోవాలి?

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి ఉంటే మీకు నంబరు వస్తుంది. 1100కు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే ఎక్కడుందో చెబుతారు. "పరిష్కరించాం" అని మూసేసి పని జరగకపోతే, మళ్లీ తెరవమని అడగండి.

పంచాయతీలో ఇచ్చినదైతే సమాచార హక్కు చట్టం వాడండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "నా కాగితం మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు, ఫైలు నోట్ కాపీ ఇవ్వండి" అని అడిగితే చాలు.

గట్టిగా అడిగితే కక్ష కట్టి లైసెన్స్ ఆపుతారేమో?

ఈ భయం ఉత్తది కాదు, అందుకే ఒంటరిగా వెళ్లకండి. సంఘం పేరుతో, వీధి పేరుతో, సంతలో వ్యాపారులంతా కలిసి రాయండి. మనిషిని నిందించకుండా పని గురించే రాయండి. మీ లైసెన్సు, పన్ను రసీదులు ముందే సరిచూసుకుని దగ్గర పెట్టుకోండి.

తీర్మానం అయింది, ప్రణాళికలో ఎక్కింది. అయినా పని మొదలవలేదు.

ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో గానీ మేరీ పంచాయత్ యాప్‌లో గానీ మీ పంచాయతీ పేరు కొట్టి చూడండి. ఈ ఏడాది ప్రణాళికలో ఏ పనులున్నాయో, దేనికి ఎంత ఖర్చయిందో కనబడుతుంది. మీ పని జాబితాలో ఉండి ఖర్చు సున్నా అని ఉంటే, ఆ పేజీ ప్రింటు తీయించి వచ్చే సభకు పట్టుకెళ్లండి. అసలు జాబితాలోనే లేకపోతే తీర్మానం ఫోటో, రసీదు కాపీ రెండూ జతచేసి ఎంపీడీవోకు ఇవ్వండి. ఇందాక చెప్పిన వీధి కుళాయికి రెండేళ్లు పట్టింది. మధ్యలో నాలుగుసార్లు తిరిగాం. మూడోసారి మాతో పాటు ఆ జీడి యూనిట్‌లో పని చేసే ఎనిమిది మంది ఆడవాళ్లు కూడా వచ్చారు, ఆ రోజు కూలి వదులుకుని.